తొమ్మిది రోజులు, పదకొండున్నర పెంగ్విన్లు

బయలుదేరే ముందు రోజు రాజమండ్రికి ఫోను చేసి, గలాపగోస్ దీవులకు పెంగ్విన్లను చూడడానికి వెళ్తున్నామని చెబితే మా అమ్మ ఒక్క మాటే అడిగింది. "భూమధ్యరేఖ దగ్గరంటున్నావు, మంచులో ఉండాల్సిన పక్షికి అక్కడేం పనిరా?"

ఏదో చన్నీళ్ళ ప్రవాహం ఉందట అని గొణిగి ఫోను పెట్టేశాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. మేముండేది సియాటిల్ పక్కన. నేనూ, మా ఆవిడా, పద్నాలుగేళ్ళ మా అమ్మాయీ ఆగస్టు చివరి వారంలో తొమ్మిది రోజులు అక్కడ గడిపి వచ్చాం. ఎక్కడ ఉండాలి, ఏ యాత్రకు డబ్బు పెట్టవచ్చు, దేనికి పెట్టనక్కర్లేదు అని స్నేహితులు ఒకరి తరవాత ఒకరు అడుగుతున్నారు కాబట్టి ఒక్కసారే రాసేస్తున్నాను. తాబేళ్ళ గురించి, డార్విన్ గురించి ఇందులో పెద్దగా ఉండదు. మేం వెళ్ళింది పెంగ్విన్ల కోసం, అందుకే మార్కులన్నీ ఆ కోణంలోనే వేస్తున్నాను.

ముందు ఖర్చు సంగతి. ఈక్వడార్ తీరానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి ఈ దీవులు. గ్వాయకిల్ నగరంలో ఒక రాత్రి ఆగి, మర్నాడు రెండు గంటల విమానం. ఎక్కే ముందు మనిషికి 20 డాలర్ల ప్రయాణ కార్డు, దిగాక జాతీయ పార్కు రుసుము. ఈ రుసుము 2024 ఆగస్టు దాకా విదేశీ పెద్దలకు 100 డాలర్లు ఉండేది, ఇప్పుడు 200. పన్నెండేళ్ళు దాటితే పెద్దవాళ్ళ కిందే లెక్క, కాబట్టి మా ముగ్గురికీ విమానాశ్రయంలోనే 600 డాలర్లు, అదీ నగదుగా సమర్పించుకున్నాం. మా ఆవిడ నోట్లు లెక్కపెట్టిన తీరు చూస్తే కౌంటరులో అమ్మాయికే జాలి వేసి ఉంటుంది. నాకు మాత్రం పెద్దగా బాధ అనిపించలేదు, ఎందుకో తరవాత చెబుతాను.

గ్వాయకిల్‌లోనే మన సంచులన్నీ స్కానరులో పెట్టి చూస్తారు. పళ్ళు, గింజలు, మొక్కలు, మట్టి ఏవీ దీవుల్లోకి పోకూడదు. మా అమ్మాయి సంచిలోని యాపిల్ పోయింది. మా ఆవిడ తెచ్చుకున్న కందిపొడి డబ్బా మూత తీయించి ఆ అధికారి ఒకసారి వాసన చూశాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మర్యాదగా మూత పెట్టి ఇచ్చేశాడు. విమానం దిగబోయే ముందు సిబ్బంది తలపై అరలన్నీ తెరిచి ఏదో మందు చల్లుకుంటూ పోయారు. ఇదేం గోల అని పక్కాయన విసుక్కున్నాడు. ఆ మందు పురుగులకు, దోమలకు. ఆ దోమలకూ పెంగ్విన్లకూ సంబంధం ఉందని ఇంకో దీవికి వెళ్ళాక గాని మాకు తెలియలేదు.

మొదటి నాలుగు రాత్రులు శాంటా క్రూజ్ దీవిలోని ప్యూర్టో అయోరాలో. బాల్ట్రా విమానాశ్రయం నుంచి కాలువ దాకా బస్సు 5 డాలర్లు, కాలువ దాటడానికి పడవ 1 డాలరు, అవతలి ఒడ్డు నుంచి ఊరికి ముప్పావు గంట. దారిలో చూడవలసింది ఏమిటంటే, జెముడు చెట్ల ఎండు నేలతో మొదలైన రోడ్డు పది నిమిషాల్లో మంచు తుంపరలో తడిసిన పచ్చని కొండ మీదికి ఎక్కి, మళ్ళీ ఎండు నేలకే దిగుతుంది. ఊరు మాత్రం ఊరే. ప్రధాన వీధిలో గది తీసుకున్నాం. ఏసీ బాగుంది, వేణ్ణీళ్ళు బాగున్నాయి, రాత్రి పన్నెండు దాకా కింద పాటలు కూడా బాగా వినిపించాయి. బస చేసేవాళ్ళు వీధికి రెండు వరసలు వెనక గది అడగండి, ధర తగ్గుతుంది, నిద్రా పడుతుంది. చేపల బజారు దగ్గర సాయంత్రం ఐదింటికి వెళ్తే చేపలు కోసే బల్ల చుట్టూ సముద్ర సింహాలూ గూడబాతులూ కొనుక్కునేవాళ్ళలాగే వరసలో నిలబడి ఉంటాయి. నేలపట్టులో మనం చూసే గూడబాతుకి ఇది గోధుమరంగు బంధువు. దానికంటే సిగ్గు తక్కువ.

ఆ ఊళ్ళో పెంగ్విన్లు లేవు. ఇది నేను ముందే తెలుసుకోవలసింది. ‘గలాపగోస్‌లో పెంగ్విన్లు’ అని చదివి ఏ దీవిలో దిగినా ఒడ్డున కనిపిస్తాయనుకోవడం, ‘ఆంధ్రాలో బట్టమేక పిట్ట’ అని చదివి విజయవాడలో దిగడం లాంటిది. వాటిలో నూటికి తొంభై పైగా పడమటి అంచున ఉన్న ఇసబెలా, ఫెర్నాండినా దీవుల తీరంలోనే ఉంటాయి. మిగిలిన కాసిని శాంటియాగో పక్కనున్న బార్టొలొమే దగ్గర, ఫ్లోరియానా దగ్గర.

శాంటా క్రూజ్ నుంచి ఒక్క రోజులో వెళ్ళి రాగలిగేవాటిలో మేం ఎంచుకున్నది బార్టొలొమే. మనిషికి 210 డాలర్లు పడింది మాకు. టికెట్టు అమ్మినవాడు "పెంగ్విన్లతో ఈత, గ్యారంటీ" అని కాగితం మీద రాసి మరీ ఇచ్చాడు. ఎవరని చెప్పను గాని, ఈ మాట ఎవరు రాసిచ్చినా ఆ కొట్టు మెట్లు దిగేయండి. శాకాహారం అని మూడుసార్లు చెప్పినందుకు మాకు దక్కింది చేప తీసేసిన అన్నం. తీసేసిన చోటు గుంట అలాగే ఉంది. గైడు మాత్రం బంగారం. పార్కు నియమం ప్రకారం ఒక్కో గైడుకి పదహారు మందికి మించకూడదు, ఆమె ఆ పదహారు మందినీ చంటిపిల్లల్లా కాచుకుంది. పడవ ఎక్కగానే చెప్పిన మొదటి మాట, "గ్యారంటీ అని మీకెవరైనా చెప్పి ఉంటే వాళ్ళు పెంగ్విన్లను అడగలేదు."

బార్టొలొమే అంటే కాలిన మట్టికుప్ప. చెక్క మెట్లు ఎక్కి పైకి వెళ్తే చంద్రుడి మీద నిలబడి సముద్రాన్ని చూసినట్టుంటుంది. కింద కొమ్ములా పొడుచుకొచ్చిన శిల, దాని పాదాల దగ్గర నల్లని రాళ్ళు. చిన్న పడవలో ఆ రాళ్ళ పక్కగా పోతుంటే గైడు చెయ్యి ఎత్తింది. పడవ ఇంజను ఆగింది. రాతికీ పక్షికీ తేడా తెలియడానికి నాకు కొంతసేపు పట్టింది. మూడు ఉన్నాయి. మనకు బొమ్మల్లో అలవాటైన నిలువెత్తు రాజసం ఏమీ లేదు. అడుగున్నర పైచిలుకు ఎత్తు, రెండు, రెండున్నర కిలోల బరువు, పెద్ద బాతంత. మా అమ్మాయి తన నోటు పుస్తకంలో 3 అని రాసింది. అప్పుడే ఒక నియమం కూడా పెట్టింది. ఇద్దరం చూస్తేనే లెక్కలోకి రావాలి, ఒక్కరే చూస్తే చెల్లదు. నాన్న ప్రతి నీటి కాకినీ పెంగ్విన్ అంటాడట.

ఈ పక్షి శాస్త్రీయ నామంలోని ‘మెండిక్యులస్’ అన్న మాటకి లాటిన్‌లో చిన్న బిచ్చగాడు అని అర్థం. 1871లో ఒక స్వీడన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఎందుకు పెట్టాడో గాని, ఆ మూడింటినీ చూస్తే పేరు అతికినట్టే ఉంది. భుజాలు ముందుకి వాల్చి, రెక్కలు రెండూ ఒంటికి దూరంగా చాచి, నోరు కొంచెం తెరిచి, ఎవరైనా ఏదైనా వేస్తారా అన్నట్టు నిలబడ్డాయి. అది బిచ్చం కాదు, ఎండ. రెక్కలు చాస్తే ఒంట్లో వేడి పోతుంది, కుక్కలా రొప్పితే ఇంకాస్త పోతుంది. నడుం వంచి నిలబడేది తన పాదాల మీద తన నీడే పడాలని. ఈకలు లేని పాదాలు ఎండకి కాలిపోతాయి కదా. గైడు ఇది చెప్పాక మా ఆవిడ తన టోపీ తీసి చేతిలో పట్టుకుని, మళ్ళీ ఏమనుకుందో పెట్టేసుకుంది.

గూళ్ళ సంగతీ అక్కడే విన్నాం. ఇవి గుడ్లు పెట్టేది లావా రాళ్ళ పగుళ్ళలో, సొరంగాల్లో, ఎండ తగలని చోట. అలాంటి చోట్లు తక్కువ, ఉన్నవాటి కోసం ఇగ్వానాలనే పెద్ద బల్లులు కూడా పోటీ. 2010లో డీ బోర్స్మా అనే శాస్త్రవేత్త, ఆమె బృందం లావా పలకలు పేర్చి, తవ్వి, 120 గూళ్ళు కట్టారు. ఫెర్నాండినాలో కొన్ని, ఇసబెలా పక్కనున్న మరియేలా అనే చిట్టి దీవుల్లో కొన్ని, ఈ బార్టొలొమేలో కొన్ని. ఆమె 1970 నుంచి ఈ పక్షుల వెంటే ఉన్నారు. ఆమె పని చేసేది మా ఊరి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలోనే అని గైడు చెప్పేదాకా మాకు తెలియదు. మా ఇంటికి అరగంట దూరంలో ఉన్న సంగతి తెలుసుకోవడానికి సముద్రం దాటి వెళ్ళామన్నమాట. కట్టిన గూళ్ళను చూపించమని అడిగాం. చూపించలేదు. ఆ వైపు మనుషులు అడుగు పెట్టకూడదు. గైడుకి ఇంకో మార్కు వేశాను.

ఐదో రోజు ఇసబెలాకి. ఇక్కడి స్పీడు బోటును ‘లాంచా’ అంటారు. గోదావరి లాంచీ అనుకుని మోసపోకండి. రెండు గంటలు, మూడు ఇంజన్లు, ముప్పై మంది, ప్రతి అలకీ ఒక గుద్దు. మనిషికి 35 డాలర్లు. వాంతుల మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, వెనక వరసలో కూర్చోవాలి. నేను గొప్పకి పోయి ముందు కూర్చున్నాను, రెండు రోజులు నడుము పట్టేసింది. దిగగానే ఇంకో 10 డాలర్లు రేవు రుసుము.

ప్యూర్టో విల్లమిల్ ఇసుక వీధుల ఊరు. దీవి చూస్తే గలాపగోస్‌లోకెల్లా పెద్దది, ఊరు చూస్తే మన మండల కేంద్రంలో సగం. ఒక పెద్దావిడ తన ఇంటి పైభాగంలో నడిపే నాలుగు గదుల బసలో ఉన్నాం, రాత్రికి 70 డాలర్లు. మార్కులు నిజాయితీగా వేస్తాను. వేణ్ణీళ్ళు సాయంత్రం ఆరింటి తరవాత దైవాధీనం. వైఫై పేరుకే. కుళాయి నీళ్ళు తాగడానికి పనికిరావు, ఆవిడే రోజూ పెద్ద క్యాన్ పెట్టేది. కార్డు తీసుకోరు, ఊళ్ళో చాలా చోట్ల అంతే, శాంటా క్రూజ్‌లోనే నగదు తీసుకుని రండి. ఇవన్నీ కలిపినా ప్యూర్టో అయోరా హోటలుకంటే ఇదే పైన వేస్తాను. పొద్దున్నే గుడ్లు, అరటికాయ పట్టకోనెలు, కాఫీ. పట్టకోనె అంటే అరటికాయ ముక్కని ఒకసారి వేయించి, అదిమి, మళ్ళీ వేయించేది. దాని మీద మా ఆవిడ కందిపొడి చల్లి ఆవిడకి పెట్టింది. ఆవిడ రెండోసారి అడిగింది. మూడో రోజుకి డబ్బా సగం ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఏ చిన్న హోటల్లోనైనా అన్నం, ‘మెనెస్త్రా’ అనే చిక్కటి పప్పు దొరుకుతుంది. మాంసం వెయ్యొద్దని ముందే చెబితే చాలు, శాకాహారులకు ఇంతకుమించి దిగులు అక్కర్లేదు.

రేవుకి నడిచే దారిలోనే ‘కొంచా దె పెర్లా’ అనే మడుగు ఉంది. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీదుగా నడిచి వెళ్ళడం, మెట్లు దిగి నీళ్ళలోకి దూకడం. టికెట్టు లేదు, గైడు అక్కర్లేదు. వంతెన మీద సముద్ర సింహాలు అడ్డంగా పడి నిద్రపోతుంటాయి, వాటికి ఆరడుగుల దూరంలో ఉండాలన్నది నియమం, వంతెన వెడల్పు నాలుగడుగులు. ఏం చేయాలో నియమాలు రాసినవాళ్ళు చెప్పలేదు. అది లేచేదాకా ఇరవై నిమిషాలు నిలబడ్డాం.

నీళ్ళు గడ్డకట్టేంత కాదు గాని పళ్ళు కొట్టుకుంటాయి. వెట్‌సూట్, అంటే చలి ఆపే ఈత సూటు, 5 డాలర్లకి అద్దెకి తీసుకున్నాం, లేకుండా దిగకండి. పది నిమిషాలు ఈదాక మా అమ్మాయి నా చెయ్యి గట్టిగా లాగింది. మడ వేళ్ళ దగ్గర వెండి నాణేల గుత్తిలా చిన్న చేపల గుంపు. ఆ గుంపు ఒక్కసారిగా చీలిపోయింది. చీలిక మధ్యలోంచి నల్లగా, గుండ్రంగా ఒకటి దూసుకొచ్చింది. ఒడ్డు మీద బిచ్చగాడిలా నిలబడ్డది ఇదేనా అనిపించింది. రెక్కలతో ఎగురుతోంది, నీళ్ళలో. నా ముఖానికి రెండు బారల దూరంలో పక్కకి ఒరిగి, కంటి నుంచి గడ్డం చుట్టూ తిరిగే సన్నని తెల్ల గీత, కింది ముక్కు మొదట్లో గులాబీ రంగు, రొమ్ము మీద నల్ల పట్టీ అన్నీ ఒక్క క్షణం చూపించి, ముక్కున ఒక చేప పట్టుకుని పోయింది. దాని వెనక బుడగల దారి చాలాసేపు నిలిచింది. 4. మొత్తం యాత్రలో అన్నిటికంటే ఎక్కువ డబ్బు విలువ చేసిన పది క్షణాలకి మేం పెట్టింది వెట్‌సూట్ అద్దె.

ఆ చలి నీళ్ళే మా అమ్మ ప్రశ్నకి జవాబు. పసిఫిక్‌లో పైనీటికి కింద, భూమధ్యరేఖ వెంట పడమర నుంచి తూర్పుకి ఒక చల్లని ప్రవాహం వస్తుంది, క్రామ్‌వెల్ ప్రవాహం అంటారు. వేల కిలోమీటర్లు అడ్డం లేకుండా వచ్చి ఫెర్నాండినా, ఇసబెలా గోడలకి గుద్దుకుని పైకి లేస్తుంది. లేస్తూ అడుగున ఉన్న పోషకాలను మోసుకొస్తుంది, వాటి మీద నాచు, నాచు మీద చేప, చేప మీద పెంగ్విన్. అందుకే వాటి సంసారమంతా పడమటి అంచున. ఇసబెలా ఉత్తరపు కొస రేఖకి అవతలే ఉంది, కాబట్టి ఉత్తరార్ధగోళంలో సహజంగా బతికే పెంగ్విన్ ఇదొక్కటే.

చిక్కు కూడా అందులోనే ఉంది. పసిఫిక్ నీళ్ళు వేడెక్కే ఎల్‌నినో వచ్చిన ఏడాది గాలులు నెమ్మదిస్తాయి, ఆ చన్నీళ్ళు పైకి రావడం తగ్గిపోతుంది. నీరు 24, 25 డిగ్రీలు దాటి వెచ్చబడితే ఇవి గూళ్ళే కట్టవు, పెట్టిన గుడ్లు వదిలేసి పోతాయి. ఒడ్డుకి దగ్గరగానే వేటాడే పక్షి, చేప దూరం పోతే వెంట పోలేదు. 1982-83 ఎల్‌నినోలో నూటికి 77 పోయాయి. కోలుకుంటూ ఉండగా 1997-98లో ఇంకో దెబ్బ, నూటికి 65 దాకా. 2019 లెక్కలో 1,451, మరుసటి ఏడాది 1,940 కనిపించాయి. నీళ్ళు చల్లబడ్డ ఏడాది అది, కరోనా వల్ల మాలాంటివాళ్ళు రాని ఏడాది కూడా. ఏది ఎంత పని చేసిందో గాని, ఆ అంకె విన్నప్పుడు మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ప్రపంచం మొత్తంలో ఈ జాతి మా అపార్టుమెంటు సముదాయంలో ఉండే జనం కంటే తక్కువ.

ఇదంతా చెప్పింది తింతొరెరాస్ గైడు, ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి. తింతొరెరాస్ అంటే రేవు ఎదురుగానే ఉన్న లావా దిబ్బలు. సగం రోజు, మనిషికి 45 డాలర్లు. పెంగ్విన్ల కోసమే వెళ్ళేవాళ్ళు ఒక్కటే యాత్ర కొనగలిగితే ఇది కొనండి. పడవ నెమ్మదిగా రాళ్ళ చుట్టూ తిరుగుతుంది. ఐదు చూశాం, అందులో ఒకటి ఈకలు మార్చుకుంటోంది. దాన్ని చూసి మా అమ్మాయి జబ్బు చేసిందనుకుంది. పాత దిండు చిరిగినట్టు ఒంటి నిండా పీచు పీచుగా ఈకలు, రాయి చుట్టూ గాలికి దొర్లుతున్న తెల్లని పింజలు. ఆ రెండు వారాలూ అవి మామూలుగా నీళ్ళలోకి దిగవు, అంటే తిండి ఉండదు. ముందే బలిసి ఉంటేనే గట్టెక్కుతాయి. మిగతా పెంగ్విన్ జాతుల్లో చాలావరకు పిల్లల్ని పెంచాక ఈకలు మారిస్తే, ఇవి గుడ్లు పెట్టే ముందే మార్చుకుంటాయట. రేపు చేప దొరుకుతుందో లేదో తెలియని చోట, ముందు కొత్త బట్ట కుట్టించుకుని ఆ తరవాత పెళ్ళి పెట్టుకున్నట్టు.

అక్కడే ఇంకో పడవ వచ్చింది. ఏ సంస్థదో రాయను. అందులో ఎవరో ఇంకొంచెం దగ్గరికి అన్నారు, నడిపేవాడు రాయి దాకా తీసుకుపోయాడు. ఈకలు ఊడుతున్న ఆ పక్షి లేచి, తడబడుతూ రెండడుగులు నీళ్ళ వైపు వేసి ఆగింది. దిగలేదు, దిగకూడని సమయం. మా గైడు స్పానిష్‌లో అరిచిన అరుపు మా అమ్మాయి బడిలో నేర్చిన స్పానిష్‌లో లేదట. ఆ పడవ వెనక్కి పోయింది. మనం డబ్బిచ్చేవాళ్ళం కాబట్టి ‘దగ్గరికి పోనీ’ అనే మాట మన నోటి నుంచే ముందు వస్తుంది. నేనూ బార్టొలొమేలో ఆ మాట అన్నవాడినే, కాబట్టి ఎవర్నీ తప్పుపట్టే అర్హత నాకు లేదు. దూరం నుంచి తియ్యడానికి మంచి కెమెరా లేకపోతే బైనాక్యులర్స్ అద్దెకి తెచ్చుకోండి, ఫోనుతో పెంగ్విన్ ఫొటో అంటే రాతి ఫొటోయే.

దోమల సంగతి కూడా ఆయనే చెప్పాడు. ఇక్కడి దోమల్లో కొన్ని ఈ దీవులకి మనుషుల వెంట వచ్చినవి. పక్షుల్లో మలేరియా కలిగించే పరాన్నజీవి జాడ ఈ పెంగ్విన్ల రక్తంలో దొరికిందని 2009లో బయటపడింది. ఇప్పటికి పెంగ్విన్లు దానితో కుప్పకూలలేదు, కానీ హవాయి దీవుల్లో ఇలాంటి జబ్బే పిట్ట జాతుల్ని తుడిచిపెట్టింది. అందుకే విమానంలో ఆ మందు. పిల్లుల కథ వేరే. ఊరి పిల్లి అడవి పట్టి, గూటిలో కూర్చున్న పక్షిని పట్టడం నేర్చుకుంటే ఒక్క పిల్లి ఒక తీరాన్ని ఖాళీ చేయగలదు. భూమి మీద పిల్లిలాంటి శత్రువుని ఎప్పుడూ ఎరగని పక్షికి పారిపోవాలని కూడా తోచదు. ఫ్లోరియానాలో 2023లో ఎలుకల్ని, అడవి పిల్లుల్ని తొలగించే పెద్ద పని మొదలైంది. ఇలాంటి పనులకు డబ్బు కావాలి. మనం ఇచ్చే 200 డాలర్లలో కొంతైనా పార్కు పనులకే పోతుంది. నాకు బాధ అనిపించలేదన్నది అందుకే. మా ఆవిడ అభిప్రాయం ఇంకా మారలేదు, రసీదు ఎక్కడ అంటుంది.

లావా సొరంగాల యాత్ర ‘లోస్ తునెలెస్’ గురించి తొందరగా చెప్పేస్తాను. మనిషికి 125 డాలర్లు. నీలి కాళ్ళ బూబీలనే సముద్రపు పక్షులు అడుగు దూరంలో గూళ్ళు పెట్టుకుని ఉంటాయి, నీళ్ళలో తాబేళ్ళు, సముద్ర గుర్రం. లోపలికి పోయే చోట అలలు విరుగుతుంటాయి, పడవవాడు అల లెక్కపెట్టి దూకిస్తాడు, గుండె చేతిలో పట్టుకోవాలి. పెంగ్విన్లు రెండు, దూరంగా. మొత్తం 11. డబ్బుకి తగినదే, కానీ పెంగ్విన్ల కోసమైతే తింతొరెరాస్ ముందు. ఒక సాయంత్రం సైకిళ్ళు అద్దెకి తీసుకుని కన్నీటి గోడ దాకా వెళ్ళాం. 1946 నుంచి 1959 దాకా ఈ దీవి ఖైదీల దీవి, లావా రాళ్ళతో వాళ్ళ చేత ఏ పనికీ రాని గోడ కట్టించారు. పెంగ్విన్లు లేవు, అయినా వెళ్ళండి.

ఇంక అందరూ అడిగే ప్రశ్న. పడమటి తీరానికి వెళ్ళే ఓడ యాత్ర తీసుకోవాలా? ఫెర్నాండినా, ఇసబెలా పడమటి వైపు, మరియేలా దీవులున్న ఎలిజబెత్ అఖాతం, ఇవి ఓడలో పడుకుంటూ కొన్ని రోజులు తిరిగితేనే కనిపిస్తాయి. మనిషికి వేల డాలర్లు. మేం తీసుకోలేదు, తీసుకోలేం కూడా. అక్కడ మాకు కనిపించిన పదకొండు ఒక్క రాతి మీదే కనిపిస్తాయేమో. బయలుదేరేటప్పుడు అది నాకు వెలితిగానే ఉండేది. విల్లమిల్‌లో నాలుగు రాత్రులు ఉన్నాక ఆ వెలితి తగ్గింది. వాటి గూళ్ళున్న ఇల్లు అది, మాలాంటి ముప్పై మంది రోజూ లాంచాలో వెళ్ళి వచ్చేంత దగ్గరగా లేకపోవడమే నయం. డబ్బున్నవాళ్ళు వెళ్ళండి, మరియేలా దీవుల మీద దిగనివ్వరు, పడవలోంచే చూపిస్తారు. మిగిలినవాళ్ళం శాంటా క్రూజ్‌లో రెండు రాత్రులు, ఇసబెలాలో ఐదారు, బార్టొలొమే మానేసినా నష్టం లేదు. జూన్ నుంచి నవంబరు లోపు వెళ్ళండి, సముద్రం గట్టిగా ఉంటుంది, ఆకాశం ముసురు పట్టి ఉంటుంది, కానీ నీళ్ళు చల్లగా ఉంటాయి. మన ఒంటికి ఏది బాగుండదో వాటికి అదే పండగ.

ఆఖరి రోజు లాంచా ఉదయం ఆరింటికి. ఐదుంబావుకి బస పెద్దావిడ లేచి మాకు కాఫీ పెట్టింది, ఖాళీ కందిపొడి డబ్బా కడిగి తిరిగిచ్చింది, లోపల వేరుశనగ ఉండలు. రేవు మీద సంచుల తనిఖీ, వరస, చీకటి. బల్లల మీద మనుషులకి చోటు లేదు, సముద్ర సింహాలు పడుకుని ఉన్నాయి. రేవు దీపం కింద నీళ్ళలో చిన్న చేపలు గిరగిర తిరుగుతున్నాయి. అంచున చతికిలబడిన మా అమ్మాయి ఉన్నట్టుండి "నాన్నా, అదిగో!" అంది. నేను సంచి కింద పెట్టి, కళ్ళజోడు సరిచేసుకుని, వంగి చూసేసరికి చేపల గుంపు రెండుగా చీలి ఉంది, మధ్యలో బుడగలు పైకి లేస్తున్నాయి. మా ఆవిడ వరసలో ఎక్కడో ముందుంది.

"చూశావా?"

"బుడగలు చూశాను."

తను పెట్టిన నియమం తనే కాసేపు ఆలోచించుకుంది. లాంచా కదిలాక, ఆ కుదుపుల్లోనే పుస్తకం తీసి, 11 పక్కన ½ అని రాసింది.